మాకు అధ్యక్షుడు లేడహో!

అధ్యక్షుడు లేకపోవడమంత అదృష్టం ఇంకొకటి లేదు! నమ్మరా? ఏ సాయంత్రమైనా చిక్కడపల్లిలో మా సమసమాజ పఠన మందిరానికి రండి. మేడ మీద గది. అధ్యక్ష, కార్యదర్శి పదవులు రద్దు చేసి రెండేళ్ళయింది. ఇప్పుడు అంతా సమానులమే.

ఎంత హాయో చెప్పలేను! అధ్యక్షోపన్యాసం లేదు, వందన సమర్పణ లేదు. మొన్న వాన జల్లు లోపలికి కొడుతుంటే, కిటికీ మూయమని చెప్పే అధికారం ఎవరికుందన్న దాని మీద ఎంత లోతైన చర్చ జరిగిందనుకున్నారు? అందరం తడిశాం. కానీ సమానంగా తడిశాం!

చిక్కు జయశ్రీతో వచ్చింది. అశోక్ నగర్ నుంచి నడిచొచ్చి మా పుస్తకాలు చూసుకునే అమ్మాయి. కోఠిలో ఒక కాలేజీ లైబ్రరీలో ఖాళీ పడిందట. ఇక్కడ రెండేళ్ళు పనిచేసినట్టు సర్టిఫికెట్ కావాలి, శనివారం ఆఖరు. ఒక సంతకం, ఒక రబ్బరు స్టాంపు. అంతే.

అంతేనా? సంతకం పెట్టినవాడు మా అందరికంటే ఒక మెట్టు పైకెక్కినట్టు కాదా?

"జర సోచాయించుండ్రి," అన్నాడు కిషన్ రావు. "రాజ్యం ఒక్క దినంల పోదు. అది పోయేదాంక ఎవరో ఒకరి చేతిల స్టాంపు ఉండాలె."

"తాత్కాలికమని పుచ్చుకున్నవాడు తిరిగిచ్చిన దాఖలా ఎక్కడైనా ఉందటండీ?" అని లేచాడు సుందరరావు. ఆయనది గుడివాడ. అధికారమంటే ఒళ్ళు మంట. ఇంట్లో మాత్రం ఆయన మాటకు ఎదురు లేదు.

సోమవారం మొదలుపెట్టి శుక్రవారం దాకా చర్చించాం. బయట ఆంధ్ర, తెలంగాణ అంటూ ఊరు అట్టుడికిపోతుంటే, మా గదిలో స్టాంపు తప్ప ఇంకో తగాదా లేదు. గర్వంగా ఉండదూ? నేనా? ఇద్దరికీ తలూపాను.

శుక్రవారం జయశ్రీ లేచి నిలబడింది.

"మీల ఎవ్వరికి అధికారం లేదంటున్నరు గద సార్. మరి రెండేండ్ల సంది నారాయణగూడ చౌరస్తాకు పోయి చాయ్ తెమ్మని నాకు హుకుం ఇస్తున్నదెవరు?"

ఆమె బీరువా తీసింది, రాసి తెచ్చుకున్న సర్టిఫికెట్ మీద స్టాంపు కొట్టింది, కింద 'కార్యదర్శి' అని తనే సంతకం పెట్టుకుంది, కాగితం మడిచి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అయ్యో, ఎంత దౌర్జన్యం! రెండేళ్ళలో మొట్టమొదటి ఏకగ్రీవ తీర్మానం ఆ క్షణానే చేశాం. అధికార దుర్వినియోగం మీద విచారణ సంఘం వేశాం. జయశ్రీ వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. విచారణ సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే! కిషన్ రావు, సుందరరావు పోటీలు పడి నా కుర్చీ దులిపారు.

అప్పట్నుంచీ రోజూ వచ్చి కూర్చుంటున్నాను. ఆ పిల్లేమో కోఠిలో ఉద్యోగంలో చేరిపోయిందట. మీరే చెప్పండి, నా ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషే లేకపోతే ఈ అధ్యక్ష పదవిని నేనేం చేసుకోను?