అదే రోజు వచ్చిన అనుమతి

ప్రజల సౌకర్యార్థం ఉద్యోగులు ఇకపై వారానికి రెండు రోజులు ఆఫీసులోనూ, మూడు రోజులు ఇంట్లోనూ పనిచేస్తారని ప్రభుత్వం ప్రకటించింది. ఇన్నాళ్లూ ఎక్కడ పనిచేశారన్న అనవసరపు ప్రశ్న ఎవరూ వేయలేదు. మనది మర్యాదస్తుల సమాజం.

మా ఊరి లైసెన్సుల ఆఫీసులో కుర్చీకి కోటు వేలాడుతుంటే మనిషి ఉన్నట్టే లెక్క. కొత్త విధానంలో ఆ కోటు ఎక్కడుండాలన్న విషయం మీద మూడు సమావేశాలు జరిగాయి. ఇంటి కుర్చీ కోసం ప్రతి ఉద్యోగీ రెండో కోటు కొనుక్కోవాలని చివరికి ఏకగ్రీవంగా తీర్మానించారు.

మొదటి రోజే అక్కడి గుమాస్తాగారు ఇంట్లో భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచి, కుర్చీకి కోటు తగిలించి, యథాప్రకారం కునుకు తీయడానికి లోపలికి వెళ్లారు. పొయ్యి మీద పాలు కాస్త చూడమని భార్య అడిగితే "రేపు కనబడు" అన్నారు.

ఆ ఇల్లాలికి ఒక దురలవాటు ఉంది. ఎదురుగా పని పడి ఉంటే చూస్తూ ఊరుకోలేదు. బల్ల తుడుస్తుంటే తెర మీద ఒక అర్జీ కనిపించింది. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ తన కొట్టు అనుమతి కోసం నాలుగు నెలలుగా తిరుగుతోంది. బడులు తెరిచేలోగా అది రాకపోతే పిల్లల యూనిఫారాల పని చేజారిపోతుంది. ఆవిడ ఇంటికి ఏడాది తిండి ఆ పనే. పాస్‌వర్డ్ ఎలాగూ కంప్యూటర్ అంచుకే అతికించి ఉంది. ఇల్లాలు ఆవిడకు ఫోన్ చేసింది.

"కొట్లో మిషన్లు ఎన్నమ్మా?"

"రెండండీ."

"సరే, అనుమతి ఇచ్చేశాను. పని మొదలుపెట్టుకో."

"ఇవాళేనా? ఎవరూ వచ్చి చూడరా అండీ?"

"ఫొటోలు పెట్టావుగా, చూశాను."

వారం తిరిగేసరికి రెండువందల నలభై అర్జీలు పూర్తయ్యాయి. గుమాస్తాగారికి ప్రశంసాపత్రం వచ్చింది. దేనికో ఆయనకు తెలియదు గానీ, వినయంగా పుచ్చుకున్నారు.

అంతలో మా వీధి నుంచి ఒక ఫిర్యాదు వెళ్లింది. ఎవరూ రాకుండా, ఎవరూ తిప్పించుకోకుండా వచ్చిన కాగితం దొంగ కాగితమే అయి ఉండాలని అందులో రాశారు. విచారణ జరిగింది. అనుమతులు ఇచ్చిన సమయాల్లో తాను గాఢనిద్రలో ఉన్నట్టు రుజువు చేసుకుని గుమాస్తాగారు నిర్దోషిగా బయటపడ్డారు. పెద్దసారు సిబ్బందిని సమావేశపరిచి గద్గద స్వరంతో మాట్లాడారు.

"పని జరిగినందుకు నాకు బాధ లేదు. మన ప్రమేయం లేకుండా జరిగిందే, అదీ బాధ. ఒక్కపూటలో అయ్యే పనికి ఇన్నేళ్లూ ఏం చేశారని రేపు జనం అడిగితే ఏం చెబుతాం?"

ఇంట్లో పనిచేసే విధానం రద్దయింది. ఆ వారం ఇచ్చిన అనుమతులూ రద్దయ్యాయి. కుట్టు కొట్టుకు తాళం వేసి సీలు కొట్టారు. యూనిఫారాల పని ఇంకెవరికో పోయింది. ఏడు నెలల తర్వాత ఆవిడకు మళ్లీ అనుమతి వచ్చింది. మూడు సంతకాలు, రెండు ముద్రలు చూసి, ఇది అసలైనదేనని మా వీధంతా ఒప్పుకుంది. అప్పటికి ఆవిడ ఒక మిషన్ అమ్మేసింది.

ఆ ఫిర్యాదు మీద మూడో సంతకం నాది. సంతకం పెట్టినప్పుడు నా ఒంటి మీదున్న చొక్కా ఆవిడ కుట్టిందే. పొద్దున గుడ్డ ఇస్తే సాయంత్రానికి చేతికిచ్చింది. అప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు.