రెండూ ఎరుపే

సెప్టెంబరు ఆఖరి శుక్రవారం పొద్దున లూసియన్ సిర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, నాలుగు గోధుమట్లు తినాలి, నేలలో మిగిలిపోయిన నాలుగెకరాల బంగాళాదుంపల్ని పొద్దుగూకేలోగా తవ్వించి నిలవ కొట్టులో పడేయాలి. ఆ రాత్రి నేల గడ్డకట్టేంత మంచు పడుతుందని రేడియోలో చెప్పారు. మంచు తగిలిన దుంప నీరుకారి కుళ్ళిపోతుంది, పక్కనున్న మంచి దుంపని కూడా కుళ్ళబెడుతుంది. ఎగువ పొలం ఆగస్టు వానలకే పోయింది కాబట్టి, ఆ ఏడు లూసియన్‌కి పంట అంటూ ఉన్నది ఆ నాలుగెకరాలే.

ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టడానికి లూసియన్ కోపం ఒక్కటి చాలు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, నదికి ఇవతల మా లోయలో కోపిష్ఠివాళ్ళకేం కొదవ లేదు. కానీ వాళ్ళు కోప్పడే ముందు తమకి ఎవరితో పనుందో ఒకసారి చూసుకుంటారు. లూసియన్ చూసుకోడు. నూనె ట్రక్కు రెండు రోజులు ఆలస్యమైందని కిందటి వారం డ్రైవరు హెర్వేని పట్టుకుని, "ఇంకోసారి నా కొట్టం వాకిట్లో నీ బండి కనబడిందో, నాలుగు చక్రాలకీ గాలి తీసేస్తా!" అని అరిచి నిండు ట్రక్కుని వెనక్కి పంపేశాడు. కొట్టం దగ్గరున్న డీజిల్ తొట్టి ఆ రోజునుంచీ ఖాళీగానే ఉంది.

మంగళవారం లూసియన్ ట్రాక్టరు గేరుపెట్టె పగిలింది. భార్య ఒడీల్ వెళ్ళి తన అన్న రోజేర్‌ని బతిమాలి అతని ట్రాక్టరు తెచ్చింది. రోజేర్ దాన్ని ఇస్తూ ఇస్తూ వేలు చూపించి మరీ షరతు పెట్టాడు.

"నా బండిలో పొలం డీజిలే పొయ్యాలి బావా. నీ ఇంటికింద ఉన్న ఆ పొయ్యి నూనె చుక్క పడిందని తెలిసినా సరే, తాళంచెవి లాక్కుని పోతా."

ఇళ్ళు వెచ్చబెట్టే నూనె, పొలం యంత్రాలకి పోసే డీజిల్, రెండూ ఒకే ఎరుపు. రోడ్డు పన్ను కట్టని నూనెతో ఎవరూ రోడ్డెక్కకుండా సర్కారే ఆ రంగు కలిపిస్తుంది. రెండూ ఒకటేనని లోయలో సగం మంది అంటారు. ఇంటి నూనె పోస్తే ఇంజను గొంతు పూడుకుపోతుందని మిగతా సగం మంది అంటారు. ఆదివారం చర్చి బయట ఈ వాదన మొదలైందంటే ఇళ్ళలో భోజనాలు చల్లారిపోతాయి.

ఆ పొద్దున రోజేర్ ట్రాక్టరు తొట్టి కూడా అడుగంటిందని చూశాక లూసియన్ ఐదు డబ్బాలు పట్టుకుని నేలమాళిగలోకి దిగాడు. అక్కడున్న ఇంటి నూనె తొట్టికి అడుగున కొళాయి ఉంది. తిప్పాడు.

"అన్నయ్య ఏం చెప్పాడు నీకు?" పైమెట్టు మీదనుంచి ఒడీల్ అడిగింది.

"మీ అన్నయ్య చెప్పింది వింటూ కూచుంటే రాత్రికి మంచు ఆగుతుందా?"

"హెర్వేకి ఫోను చేసి ఓ మంచి మాట అనొచ్చుగా?"

"వాడికా? నేనా?"

"మధ్యాహ్నం అన్నయ్య భోజనానికొస్తున్నాడు. కోడి పులుసు పెడుతున్నా. ఏదైనా తేడా వస్తే మీరూ మీరూ చూసుకోండి" అని ఒడీల్ తలుపేసేసింది.

ట్రాక్టరు రెండు సాళ్ళు చక్కగా తవ్వింది. వెనక తగిలించిన దుంపలు తవ్వే యంత్రం మీద నిలబడి రాళ్ళూ మట్టిబెడ్డలూ ఏరుతున్న నలుగురు కూలీలు పాట కూడా అందుకున్నారు. మూడో సాలు మధ్యలో ఇంజను దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది. లూసియన్ దిగి ఫిల్టరు విప్పి చూస్తే లోపల నల్లటి జిగురు ముద్ద. అతనికి ముందు నేలమాళిగ తొట్టి మీద, తర్వాత దాన్ని అక్కడ పెట్టించిన తన తండ్రి మీద, చివరికి ఇంజను కనిపెట్టిన వాడి మీద కోపం వచ్చింది. ట్రాక్టరు టైరుని ఒక్క తన్ను తన్నాడు. బొటనవేలు వాచింది. కూలీలు నవ్వు ఆపుకోవడానికి నదివైపు తిరిగి నిలబడ్డారు.

పదకొండయింది. రోజేర్ వచ్చేలోపు ట్రాక్టరులో ఉన్నదంతా పారబోసి అసలు డీజిల్ నింపేయాలి. లూసియన్ పొలంనుంచే ఇంటికి ఫోను చేశాడు.

"ఒడీల్, హెర్వేని పిలువు. నేను పిలిచానని మాత్రం అనకు."

"నేను పిలిస్తే వాడు ఎవరికోసం వచ్చాననుకుంటాడు?"

"వాడేమనుకుంటే నాకేం? పిలువు!"

అరగంటలో ట్రక్కు వచ్చింది. లూసియన్ పొలంలో ట్రాక్టరు నూనె వంపుతుండగా దూరంనుంచి సన్నగా ఈల వినబడింది. ఇంటి తొట్టి నిండుతున్నంతసేపూ గోడ బయటి గాలి గొట్టం అలా ఈల వేస్తుంది. ఆ ఈల అతనికి బాగా తెలుసు. కొట్టం దగ్గర ఉండాల్సిన ట్రక్కు ఇంటి దగ్గర ఉందని అర్థమవగానే వాచిన వేలితో కుంటుతూ పరుగెత్తాడు.

"ఒరేయ్ హెర్వే! అక్కడెందుకు పోస్తున్నావురా? ఆపు!"

"కొట్టం వాకిట్లో కనబడొద్దన్నావుగా" అన్నాడు హెర్వే గొట్టం వదలకుండా. "ఇల్లు ఒడీలక్కది. అక్క పిలిచింది, వచ్చా."

ఈల ఆగింది. తొట్టి నిండిపోయింది. అంత నూనె అంత జోరుగా పడేసరికి అడుగున ఇరవై ఏళ్ళుగా పేరుకున్న మడ్డంతా లేచి ఇంటిని వెచ్చబెట్టే పొయ్యిలోకి పోయింది. నేలమాళిగలో ఏదో టక్కుమంది. కిటికీలోంచి ఒడీల్ తల బయటికొచ్చింది.

"పొయ్యి ఆరిపోయింది! లూసియన్, ఏం చేశావు?"

"నేనేం చెయ్యలేదు! వీడు చేశాడు!"

"నేను మెల్లగానే పోశా. అడుగున మడ్డి ఎవరు పెంచారు?" అన్నాడు హెర్వే.

సరిగ్గా అప్పుడే రోజేర్ పికప్ వాకిట్లో ఆగింది. అతను దిగీ దిగకముందే పొలంలో కదలకుండా నిలబడ్డ తన ట్రాక్టరుని చూశాడు. లూసియన్ చేతిలో నల్ల ఫిల్టరు ఇంకా కారుతూనే ఉంది.

"ఏమైంది బావా?"

"వీడు తెచ్చిన డీజిల్ మంచిది కాదు" అన్నాడు లూసియన్, హెర్వేని చూపిస్తూ.

హెర్వే మొహం ఎర్రబడింది. "నీ కొట్టంలో జూలైనుంచి ఒక్క చుక్క పోశానా నేను? పరువు తియ్యకు లూసియన్, నా బండి కడిగిన బండి!"

లూసియన్‌కి ఇక దాచడం చేతకాలేదు. "అవునయ్యా, పోశా! ఇంటి నూనే పోశా! ఐదు డబ్బాలు! రాత్రికి మంచు పడుతోంది, ఎగువ పొలం పోయింది, ఇదీ పోతే మేం చలికాలమంతా ఏం తినాలి? లాక్కో నీ తాళంచెవి, లాక్కుపో!" అని ఫిల్టరుని నేలకేసి కొట్టాడు. ఒడీల్ కిటికీ దగ్గరనుంచి తప్పుకుంది.

రోజేర్ కోప్పడలేదు. అదే అందరికీ వింతగా తోచింది. అతను పికప్ తలుపు తీసి, సీటు వెనకనుంచి కొత్త ఫిల్టరు ఒకటి తీసి లూసియన్ చేతిలో పెట్టాడు. లూసియన్ ఫిల్టరు వైపు కాదు, సీటు వెనక్కి చూశాడు. అక్కడో అట్టపెట్టె, అందులో ఇంకో పదకొండు ఫిల్టర్లు.

"పన్నెండు ఫిల్టర్లు వెంటేసుకుని తిరుగుతావేంటి బావా?"

"ముందుజాగ్రత్త..."

"రోజేర్," అన్నాడు హెర్వే తీరిగ్గా, "ఎనిమిదేళ్ళుగా నీ ఇంటి తొట్టే నింపుతున్నా. పొలం డీజిల్ ఒక్కసారి కూడా అడగలేదు నువ్వు. మూడిళ్ళు వెచ్చబెట్టేంత నూనె మీ ఇద్దరు మనుషులకి ఎలా ఖర్చవుతోందా అని మా ఆఫీసులో పందేలు కూడా కాశాం."

నేల మీది ఫిల్టరుని హెర్వే బూటుతో తిప్పాడు. "ఇంత జిగురు రెండు సాళ్ళలో పడుతుందా? ఇది ఎన్నాళ్ళదో చూడండి."

ఆ తర్వాత లూసియన్ అన్నది నేనిక్కడ రాయలేను. క్లుప్తంగా చెప్పాలంటే, రోజేర్ తన ఇంటి తొట్టి మడ్డితోనే ట్రాక్టరు నడుపుతున్నాడు. బావ చేత ఒక్కసారైనా అసలు డీజిల్ పోయించుకుంటే ఇంజను లోపల కాస్త కడిగినట్టవుతుందని అంత గట్టి షరతు పెట్టాడు. పన్నెండున్నర దాటింది, ఇద్దరూ ఇంకా అరుచుకుంటూనే ఉన్నారు. పొలంలో కూలీలు తెచ్చుకున్న తిండి తినేసి టోపీలు మొహాల మీద వేసుకుని పడుకున్నారు. చివరికి ఒడీల్ వచ్చి నీళ్ళ బకెట్ ఎత్తి పట్టుకుంటే గానీ మాటలు ఆగలేదు.

"హెర్వే, ట్రాక్టరులో డీజిల్ పొయ్యి" అంది.

"కొట్టం వాకిలి దాటి పోవాలి అక్కా. నన్ను రావద్దన్న మనిషే రమ్మనాలి."

అందరూ లూసియన్ వైపు చూశారు. అతను పొలం వైపు చూశాడు. తవ్వని సాళ్ళు నది దాకా పచ్చగా పడి ఉన్నాయి. దవడ రెండుసార్లు కదిలింది. అరవై ఏళ్ళలో అతని నోటినుంచి రాని మాట అది, దారి తెలియక గొంతులోనే తచ్చాడింది.

"దయచేసి... రా" అన్నాడు నేలని తిడుతున్నట్టు.

హెర్వే ట్రక్కుని పొలం గట్టుకి తెచ్చి, ఇంటి తొట్టిలో పెట్టిన గొట్టాన్నే ట్రాక్టరులో పెట్టాడు.

"అది ఇంటి నూనె కదరా!"

"ట్రక్కులో ఉన్నది ఒకే తొట్టి లూసియన్. ఇంటి దగ్గర పోస్తే ఇంటి నూనె, ఇక్కడ పోస్తే డీజిల్. పాడుచేసేది మీ తొట్టెల్లో మడ్డి."

బావలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిట్టడానికి మూడోవాడు దొరక్క రోజేర్ కొత్త ఫిల్టరు బిగించి ట్రాక్టరెక్కాడు, లూసియన్ వెనక యంత్రం మీద కూలీల పక్కన నిలబడి రాళ్ళు ఏరాడు. ఆఖరి సాలు తవ్వేసరికి పొద్దు నది అవతలి కొండల మీద ఉంది. బండెడు బండెడుగా దుంపలన్నీ మట్టి గోడల కొట్టులోకి చేరాయి. లూసియన్ తలుపు మూసి, దాని మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు.

బావలిద్దరూ ఇంటికి వచ్చేసరికి ఒడీల్ కోటు వేసుకుని, చిన్న పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉంది.

"వదిన దగ్గరికి పోతున్నా. మూడిళ్ళకి సరిపడా నూనె ఉందటగా వాళ్ళింట్లో. పులుసు గిన్నెలో చల్లగా ఉంది. తొట్టి కడిగి పొయ్యి వెలిగించాక ఇద్దరూ కలిసి తినండి."

ఆ రాత్రి మంచు అనుకున్నదానికన్నా గట్టిగానే పడింది కానీ, వణికినవి బంగాళాదుంపలు మాత్రం కావు.