కత్తిపీట దాచిన రోజు

డెబ్బై అయిదులో వరి కోతల రోజులవి. కంకిపాడు హనుమయ్య ఆ ఉదయం ఆంజనేయస్వామికి దీపం పెట్టి ఒక్కటే కోరుకున్నాడు. కొత్త వరి వంగడం వేయించి చూడడానికి జపాన్ నుంచి వచ్చిన నిపుణుడు ఒకాదా గారు ఈ రోజు పొలాలు చూస్తారు. హనుమయ్య చేనో, పక్కనే ఉన్న బసవపున్నయ్య చేనో, ఏదో ఒకటే ఎంచుకుంటారు. అది తనదే కావాలి. భోజనం మాత్రం హనుమయ్య ఇంట్లోనే.

దీపం కొండెక్కకముందే అతనికి బెజవాడలో చూసిన సినిమా గుర్తొచ్చింది. అందులో జపాన్ మనిషి ఒక్క మాట పడ్డందుకు పొట్ట కోసుకుంటాడు. అంతే, కత్తిపీట, కొడవళ్ళు, చివరికి తను గడ్డం గీసుకునే కత్తి కూడా మూటగట్టి గడ్డివాములో దోపేశాడు.

"సొరకాయ పళ్ళతో కొరికి వండనా?" అంది భార్య శివపార్వతి.

"కాయపళంగా ఉడకెయ్యవే! వాళ్ళు మాట పడితే ప్రాణం తీసుకుంటారు. మనింట్లో ఆ పాపం జరగాలా?"

"మీరు రోజుకి పది మాటలు పడతారుగా, ఏం తీసుకున్నారు?"

మధ్యాహ్నం వ్యవసాయ శాఖ ఉద్యోగి జీవరత్నం వెంట ఒకాదా గారు వచ్చారు. వస్తూనే ద్వారబంధానికి తల కొట్టుకున్నారు. హనుమయ్య తల్లి మణెమ్మ పకపకా నవ్వింది. హనుమయ్య ఆమెను గబగబా లోపలికి పంపేశాడు.

విస్తట్లో నిండు సొరకాయ చూసి అతిథి ఏదో అడిగారు.

"కోసుకోవడానికి చాకుందా అంటున్నారండీ," అన్నాడు జీవరత్నం.

"లేదండీ! మా వంశంలోనే లేదండీ!"

పెరుగన్నంతో సరిపెట్టుకుని అతిథి పొలానికి బయల్దేరారు. గట్టు మీద వంగి, గుప్పెడు వరి పట్టుకుని, కుడిచేతిని సర్రున పొట్ట వైపు లాగి చూపించారు. కొడవలి అడుగుతున్నారని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. హనుమయ్య చెవుల్లో మాత్రం తల్లి నవ్వే మోగుతోంది.

"వద్దు బాబో! మా అమ్మని క్షమించండి!" అంటూ వెనకనుంచి వాటేసుకున్నాడు. ఇద్దరూ కలిసి పంటబోదె బురదనీళ్ళలో పడ్డారు.

పైకి లాగిన జీవరత్నానికి సంగతంతా చెప్పక తప్పలేదు. అతను దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తున్నంతసేపూ హనుమయ్య తలెత్తలేదు. ఒకాదా గారు మెల్లగా ఏదో అన్నారు.

"వాళ్ళ నాన్నగారూ రైతేనటండీ. ఎనభై ఏళ్ళు బతికి మంచంలోనే పోయారట. పొట్ట కోసుకున్నవాణ్ణి ఈయన కూడా సినిమాలోనే చూశారట."

హనుమయ్యకు మళ్ళీ బోదెలోకి దిగిపోవాలనిపించింది. పూటపూటా దేవుడికి దండం పెట్టే తను, ఇంటికొచ్చిన మనిషిలో మనిషిని చూడక తెర మీది బొమ్మను చూశాడేమిటి? చివరికి అడిగాడు. "మరి వాళ్ళ సినిమాల్లో మనల్నెలా చూపిస్తారో కనుక్కోండి సార్."

జీవరత్నం అడిగి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "మన దేశంలో అందరూ యోగులేనటండీ. ఎంత ఎండలోనైనా కళ్ళు మూసుకుని, కదలకుండా కూర్చుంటారట. అలాంటి మనిషి చేతిలో పెడితే వంగడం భద్రమంటున్నారు."

ఒకాదా గారి చూపు అప్పటికే పక్క చేనికి చేరింది. అక్కడ గట్టు మీద బసవపున్నయ్య, అన్నం తిన్న మత్తులో, కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఒకాదా గారు బురద బట్టలతోనే నడుం వంచి ఆయనకు నమస్కరించారు.

వంగడం తనకు దక్కిన సంగతి బసవపున్నయ్యకు నిద్ర లేచాక తెలిసింది.