కుస్కోలో అన్నం ఉడకదు

సింగపూర్‌లోని యూ టీ పేటలో నివసించు శ్రీ వీరభద్రరావు గారి కుటుంబం సెప్టెంబరు సెలవుల్లో పెరూ దేశంలోని కుస్కో నగరానికి నాలుగు రోజుల విహారయాత్ర తలపెట్టినదని, అందుకు కావలసిన ఏర్పాట్లన్నీ మా తెలుగు సాంస్కృతిక సమితి తన భుజాన వేసుకున్నదని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాము. ఏర్పాట్లు చేయమని వారు మమ్మల్ని అడగలేదు. అడిగేదాకా ఆగడం మా సమితి సంప్రదాయం కాదు.

కుస్కో ఎక్కడుందో తెలియని వారి కోసం రెండు ముక్కలు. అది ఆండీస్ పర్వతాల మీద, మామూలు మనిషికి ఆయాసం వచ్చేంత ఎత్తులో ఉంది. ఒకప్పుడు ఇన్కా చక్రవర్తుల రాజధాని. అక్కడి గోడల్లో సున్నం, సిమెంటు లాంటివేమీ లేకుండా రాయికి రాయి అతికినట్టు పేర్చారట. భూకంపాలొస్తే ఇన్కాల తర్వాత కట్టిన మేడలు కూలాయి గానీ ఆ పాత గోడలు కదల్లేదట. ఇదంతా మాకు చెప్పింది వీరభద్రరావు గారి భార్య అరుంధతి. ఆవిడ స్ట్రక్చరల్ ఇంజినీరు. పొద్దున్నే వెళ్ళి ఇతరుల భవనాల్లో పగుళ్ళు వెతకడం ఆవిడ ఉద్యోగం. పగులు లేని ఆ గోడ ముందు ఒక్క పూట నిలబడాలని ఆవిడకు కాలేజీ రోజుల నుంచి కోరిక. పెళ్ళయ్యాక వచ్చిన ప్రతి సెలవూ ఎవరి గృహప్రవేశానికో, ఎవరి ఒడుగుకో ఖర్చయిపోయింది. ఈసారి ఎవరినీ అడక్కుండా తనే టికెట్లు కొనేసింది. యాత్రకు అసలు కారణం ఇదే గనుక దీన్ని మొదట్లోనే చెప్పి పక్కన పెట్టేస్తున్నాము. మా సమితి కూడా అలాగే చేసింది.

మొదటి సమావేశం వీరభద్రరావు గారి ఫ్లాట్‌లోనే జరిగింది. అధ్యక్షులు విశ్వేశ్వరరావు గారు వుడ్‌ల్యాండ్స్ నుంచి రైల్లో విచ్చేశారు. విదేశీ ప్రయాణాల్లో వారికున్న అనుభవం అపారం. వారం వారం వంతెన దాటి మలేషియాలోని జొహోర్ వెళ్ళి కూరగాయలు తెచ్చుకుంటారు.

"సోదర సోదరీమణులారా!" అని వారు ఉన్న ఆరుగురినీ ఉద్దేశించి ప్రసంగించారు. "తెలుగువాడు అడుగు పెట్టని దేశం లేదు. అడుగు పెట్టిన చోట అన్నం వండుకోని తెలుగువాడు లేడు. ఈ కీర్తి పతాకను ఆండీస్ పర్వతాల మీద ఎగరేసే అదృష్టం మన వీరభద్రరావుకి దక్కింది. ఆ పతాక కిందకి దిగకుండా చూడవలసిన బాధ్యత మనందరిదీ!"

చప్పట్లు ఆగాక, భోజన విభాగం చూసే కల్పన గారు ఫోను లోంచి తలెత్తారు. మొహం పాలిపోయి ఉంది.

"అన్నయ్యగారూ, ఇది చూశారా? అంత ఎత్తులో గాలి పల్చగా ఉంటుందంట. నీళ్ళు మరుగుతాయంట గానీ వేడి చాలదంట. అన్నం ఉడకదంటండీ!"

కొద్ది నెలల క్రితం తన బ్యాంకులో సగం మందిని తీసేశారన్న వార్త విన్నప్పుడు కూడా చలించని వీరభద్రరావు గారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు.

"ఉడకదంటే... పలుకుగా ఉంటుందా? లేక మొత్తానికే ఉడకదా?"

"ఓపెన్ గిన్నెలో అయితే కష్టమేనంట. ప్రెషర్ కుక్కర్ ఉంటే ఓకేనంట."

ఆ క్షణం నుంచి యాత్రకు ఒక దిశ ఏర్పడింది. కుక్కరు వెళ్ళాలి. కుక్కరు వెళ్తే దానికి అదనపు గ్యాస్కెట్ వెళ్ళాలి. విజిల్ పోతే పెరూలో ఎవర్ని అడుగుతాం గనుక ఇంకో విజిల్ కూడా వెళ్ళాలి. కుక్కరు పెట్టుకోవడానికి పొయ్యి ఉండాలి. అరుంధతి ఎన్నో రాత్రులు వెతికి ఆ పాత గోడ ఉన్న వీధిలోనే హోటల్ గది తీసుకుంది. కిటికీ తెరిస్తే రాళ్ళు కనబడతాయట. అయితే గదిలో వంట చేసుకోనివ్వరని తేలింది. సమితి ఏకగ్రీవంగా ఆ గదిని రద్దు చేయించి, ఊరి చివర, గ్యాస్ పొయ్యి ఉన్న ఇల్లు ఖాయం చేసింది. దాని కిటికీ తెరిస్తే ఒక పెట్రోల్ బంకు కనబడుతుందట. బంకు కూడా చూడదగ్గదేనని అధ్యక్షులవారు అభిప్రాయపడ్డారు.

తరువాత ఎత్తుకు అలవాటు పడే శిక్షణ మొదలైంది. సింగపూర్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ బుకిట్ తిమా. మనవైపు దాన్ని గుట్ట అంటారు, అది కూడా గౌరవించదలిస్తే. కుస్కోలో చలి కనుక వీరభద్రరావు గారు స్వెట్టరు, మంకీ క్యాపు, ఉన్ని సాక్సులు ధరించి మిట్టమధ్యాహ్నం ఆ గుట్ట ఎక్కారు. సగం దూరంలో కళ్ళు తిరిగి పడిపోయారు. సమితి ఈ సంఘటనను శాస్త్రీయంగా పరిశీలించి, ఎత్తు వల్ల వచ్చే జబ్బు నిజమేనని నిర్ధారించింది. బుకిట్ తిమాలోనే ఇలా ఉంటే ఆండీస్‌లో ఎలా ఉంటుందో ఊహించుకొమ్మని అధ్యక్షులవారు సమితి వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టగా, అందరూ దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ పెట్టారు. ఆ స్వెట్టరు విప్పితే సరిపోయేదని అరుంధతి అన్నట్టు సమావేశ వివరాల్లో లేదు.

సామాను విషయంలో చిన్న అభిప్రాయభేదం వచ్చింది. అక్కడ కూరలు దొరుకుతాయో లేదో తెలియదు కాబట్టి టెక్కా మార్కెట్ నుంచి నాలుగు కిలోల బంగాళాదుంపలు తీసుకెళ్ళాలని కల్పన గారు ప్రతిపాదించారు. అప్పటిదాకా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న వీరభద్రరావు గారి కూతురు ఉజ్వల ఒకటి తీసి, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ యాసలో అంది.

"ఆంటీ, పొటాటో ఒరిజినల్‌గా అక్కడిదే లా. వేల రకాలు ఉంటాయి. దే గేవ్ ఇట్ టు ద వరల్డ్."

"చూశారా!" అన్నారు విశ్వేశ్వరరావు గారు బాధగా. "ఇక్కడ పుట్టిన పిల్లలకి మన సంస్కృతి గురించి బొత్తిగా తెలీకుండా పోతోంది. బంగాళాదుంప వాళ్ళదైతే, మరి పూరీలోకి మనవాళ్ళు ఇన్నాళ్ళూ ఏం చేసుకున్నట్టమ్మా?"

ఉజ్వల ఇయర్‌ఫోను మళ్ళీ పెట్టుకుంది. దుంపల తీర్మానం నెగ్గింది.

చివరికి నాలుగు రోజుల కార్యక్రమం సిద్ధమైంది. ఉదయం టిఫిను, దాని తర్వాత మధ్యాహ్నానికి వంట, వంట తర్వాత భోజనం, భోజనం తర్వాత గిన్నెలు, ఆయాసం తగ్గడానికి విశ్రాంతి, సాయంత్రం టీ, రాత్రికి మళ్ళీ కుక్కరు. ఎక్కడా సందు లేదు. ఇన్కా శిల్పులు రాళ్ళు కూడా ఇంత బిగుతుగా పేర్చి ఉండరని మా నమ్మకం.

"మరి గోడ?" అంది అరుంధతి.

"ఎందుకు మర్చిపోతామమ్మా?" అన్నారు అధ్యక్షులవారు. "చివరి రోజు ఎయిర్‌పోర్టుకెళ్ళే దారిలో పెట్టాం. టాక్సీలో ఎడం పక్క కూర్చో. డ్రైవర్ని ఆ వీధి చివర కాస్త స్లోగా పొమ్మందాం."

అరుంధతి భర్త వైపు చూసింది. ఆయన కుక్కరు మూత సరిగ్గా పడుతోందా లేదా అని చూస్తున్నారు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి కాఫీలు తెచ్చింది. లోపల ఆవిడ ఏడ్చిందని ఇప్పుడు మాకు తెలుసు. అప్పుడు మాత్రం కాఫీలో చక్కెర తక్కువైందని గమనించాం. ఆ సంగతి ఆవిడకు చెప్పాం కూడా.

ఏ లోటూ రాకూడదని సమితి ఒక నమూనా యాత్ర నిర్వహించింది. బయల్దేరడానికి వారం ముందు, ఆదివారం, వీరభద్రరావు గారి హాల్లో ఏసీని పదహారుకు తగ్గించి దాన్ని కుస్కోగా ప్రకటించాము. సభ్యులు సకుటుంబంగా మంకీ క్యాపులతో హాజరయ్యారు. అసలు యాత్రకు వెళ్ళనివారు సైతం ముందుగానే వచ్చి, ఇక్కడి తిండి దుకాణాల హాకర్ సెంటర్లో చేసినట్టే కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి సీట్లు 'చోప్' చేసుకున్నారు, అంటే ఆపుకున్నారు. ఉజ్వల టీవీలో ఆ నగరం వీడియో పెట్టింది. వడ్డించేవాళ్ళు అడ్డంగా నిలబడటం వల్ల అది ఎవరికీ కనబడలేదు, ఎవరూ తప్పుకోమని అడగలేదు. కుక్కరు మూడో విజిల్ వేయగానే హాలు చప్పట్లతో మారుమోగింది. మూత తీశారు. అన్నం ఉడికింది. కల్పన గారు ఒక మెతుకు నలిపి చూసి కళ్ళు తుడుచుకున్నారు.

పులిహోర, ఆవకాయ, దుంపల వేపుడు అయ్యాక అధ్యక్షులవారు లేచారు. "ఆండీస్ అనుభవం యావత్తూ ఈ ఫ్లాట్‌లోనే సిద్ధించింది. చలి చూశాం, ఆయాసం చూశాం, అన్నం ఉడికించాం. ఇంతకన్నా అక్కడ కొత్తగా ఏముంటుంది? రెండు రోజులు విమానంలో పడి, పాస్తాలు తింటూ వెళ్ళవలసిన అగత్యమేమిటి?" అని ప్రశ్నించి, యాత్ర విజయవంతంగా ముగిసినట్టు ప్రకటించారు. వీరభద్రరావు గారికి శాలువా కప్పి, కొండ బొమ్మ ఉన్న జ్ఞాపిక అందించారు. "నిజంగా వెళ్ళొచ్చినట్టే ఉందండీ. లీవు కూడా మిగిలింది," అన్నారాయన. టికెట్ల రద్దు గురించి పక్కనున్నవారితో వెంటనే చర్చ మొదలుపెట్టారు.

ఆనవాయితీ ప్రకారం, యాత్రానుభవాల గురించి రెండు మాటలు చెప్పవలసిందిగా శ్రీమతిని కోరాము.

అరుంధతి మైకు తీసుకుంది. "గోడ చూడలేదండీ," అంది. "చూసొచ్చి చెప్తాను."

దాన్ని వందన సమర్పణ అనుకుని చప్పట్లు కొట్టాము.

తరువాతి శనివారం చాంగీ విమానాశ్రయంలో అరుంధతి, ఉజ్వల వీపున చెరో బ్యాగుతో నిలబడ్డారు. ఆ గోడ వీధిలో మళ్ళీ గది తీసుకున్నారని అప్పుడే తెలిసింది. వీరభద్రరావు గారు కుక్కరును చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చారు. "పోనీ ఇదొక్కటి పట్టుకెళ్ళవే. నా మాట విను," అని బతిమాలారు. "మీరే ఉంచుకోండి. మూడు విజిల్స్‌కి ఆపండి," అంది అరుంధతి. "బై, నాన్నా. మ్యాగీ ఉంది లా," అంది ఉజ్వల. ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. కుక్కరు లేకుండా ఒక తెలుగు కుటుంబం ఖండాంతరం వెళ్ళడం మేము కళ్ళారా చూడటం అదే మొదలు.

మూడో రోజు గ్రూపులో ఫోటో వచ్చింది. ఒక ఇరుకు వీధి, పక్కన నల్లటి పెద్ద రాళ్ళ గోడ. దానికి మొహం దగ్గరగా పెట్టి నిలబడి ఉంది అరుంధతి. కళ్ళజోడు తీసేసి, ఏడుస్తూ, నవ్వుతోంది. ఆవిడ అలా నవ్వడం మాలో ఎవరూ చూసి ఉండరు.

సమితి తక్షణమే స్పందించింది. "అన్నం దొరికిందామ్మా?" అన్నారు అధ్యక్షులవారు. "పెరుగైనా ఉందా?" అన్నారు కల్పన గారు. "ఏం తింటున్నారే?" అన్నారు వీరభద్రరావు గారు. ఆ తర్వాత అందరూ అదే అడిగారు. సాయంత్రానికి ఫోటో పైకి ఎక్కడికో వెళ్ళిపోయింది. చాలా సేపటికి ఉజ్వల నుంచి జవాబు వచ్చింది: పొటాటో.

సంతాప సూచకంగా అందరూ మళ్ళీ దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ పెట్టారు. తిరిగి వచ్చే రోజున విమానాశ్రయానికి వేడివేడి అన్నంతో ఎదురువెళ్ళాలని తీర్మానించాము. చూసొచ్చి చెప్తానన్నది వినడానికి సమయం కేటాయించలేదు.

పాఠక మహాశయులు మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారని మాకు తెలుసు. కాని మీ మనసులో ఉన్న ప్రశ్న కూడా తెలుసు గనుక దాచకుండా చెప్పేస్తున్నాము. దుంపలు ఉడకబెట్టినవే. పైన ఉప్పు, ఏదో పచ్చిమిరప పచ్చడి. పచ్చడి బాగుందట. ఇక నిశ్చింతగా ఉండండి. గోడ ఎలా ఉందని ఆవిడను మేమెవరమూ అడగలేదు. మీరూ అడిగేట్టు లేరు.