లిఫ్టులో ఉన్నత స్థాయి చర్చలు

ఆ రోజు ఫైర్ మేడమ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని శిక్షణ తరగతికి వెళ్ళాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దసారు పళ్ళెం పట్టుకుని నిలబడ్డ సమయం చూసి, పక్కకి చేరి, "సార్, నా బదిలీ" అని ఓ ముక్క ఆయన చెవిన వెయ్యాలి. అంతే.

ఆవిడ అగ్నిమాపక శాఖలో సమాచార అధికారి. ఎక్కడైనా అంటుకుంటే ఆర్పేవాళ్ళు వేరే ఉంటారు. ఆరిందని పత్రికలకి చెప్పడం ఆవిడ ఉద్యోగం. తన చేత్తో ఆవిడ ఆర్పింది ఇంట్లో స్టవ్వొక్కటే. అయినా అందరూ ఫైర్ మేడమ్ అనే పిలుస్తారు. ఆ ఉద్యోగాల్లో ఒకరి పేరు ఒకరికి గుర్తుండదు, శాఖలే గుర్తుంటాయి. నీటి సరఫరా శాఖ అధికారి నీళ్ళాయన, విద్యుత్ శాఖ అధికారి కరెంటాయన. వీళ్ళందరి నెత్తిన కూర్చుని బదిలీ కాగితాల మీద సంతకాలు పెట్టే సమాచార శాఖ డైరెక్టరుగారు పెద్దసారు.

మూడేళ్ళుగా ఆవిడ ఈ ఊళ్ళో అద్దె గదిలో ఉంటోంది. మొగుడూ కూతురూ రైల్లో రాత్రంతా ప్రయాణం చేస్తే గాని అందని దూరంలో ఉన్నారు. మొన్న పాపకి ముందు పన్ను ఊడితే ఆ బోసినవ్వుని ఫోన్లో చూసి మురిసిపోయింది, ఫోను పెట్టేశాక కూర్చుని ఏడ్చింది. బదిలీకి ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టినా 'పరిశీలనలో ఉన్నది' అనే జవాబే వచ్చేది. ఆ మాటకి అర్థమేమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దస్తమానం తను పత్రికలకి రాసిచ్చేదీ అదే.

బయల్దేరుతుంటే మొగుడి ఫోను.

"ఈసారైనా గట్టిగా అడుగు. 'సార్' అని మొదలెట్టి 'పర్లేదు సార్' అని ముగించేస్తావు నువ్వు."

"అడుగుతానండీ. దరఖాస్తు కూడా బ్యాగులో పెట్టుకున్నా. సంతకం ఒక్కటే తక్కువ."

"ఆయన నోట్లో ముద్ద ఉన్నా సరే, వదలకు."

శిక్షణ మూడో అంతస్తులో. 'అత్యవసర సమయాల్లో సమాచారం, వృత్తిలో పరిచయాల పెంపు' అని గోడకి పెద్ద బ్యానరు కట్టారు. హాలు నిండా సమాచార అధికారులే. పరిచయాలు పెంచుకోమని టీ విరామం ఇచ్చారు గాని, అలవాటు కొద్దీ ఒకరికొకరు ఒక్క నిజమైనా చెప్పుకుంటే ఒట్టు. "టీలో చక్కెర ఉందాండీ?" అని ఫైర్ మేడమ్ అడిగితే, నీళ్ళాయన కప్పులోకి తొంగి చూసి, "ఉన్నట్టు ప్రాథమిక సమాచారం. పూర్తి వివరాలు అందాల్సి ఉంది" అన్నాడు.

విరామం తర్వాత శిక్షకుడు మంచి ఊపుమీద పాఠం చెప్పాడు. "ఎవరూ అడగకముందే ఖండించాలి, అదీ చురుకుదనం! ఇక పరిచయాలంటారా, పెద్దవాళ్ళకి తీరిక ఉండదు. లిఫ్టులో మీ పక్కన నిలబడ్డారనుకోండి, కిందికి దిగేలోపు మీ మాట చెప్పేసుకోవాలి."

అందరూ అది బుద్ధిగా రాసుకున్నారు. ఫైర్ మేడమ్ మాత్రం పెన్ను మూసేసి పెద్దసారు వైపే చూస్తూ కూర్చుంది. భోజనాలకి లేవగానే ఆయన లిఫ్టెక్కారు. ఆయనతో కలిసి లిఫ్టెక్కే గుండె ఎవరికీ లేదు కాబట్టి జనమంతా మెట్ల వైపు తిరిగారు. ఆవిడ కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరుగు లంకించుకుని, మూసుకుంటున్న తలుపుల మధ్యలోంచి లోపల పడింది.

"సార్, నాదొక చిన్న..."

లిఫ్టు దబ్బున ఆగిపోయింది. లైటు కూడా ఆరిపోయింది.

ఆఫీసులో పెద్దసారు దగ్గితే వరండా చివరి గుమస్తా కూడా లేచి నిలబడతాడు. అలాంటి మనిషి చీకట్లో దభీమని చతికిలబడి, చేతికి దొరికిన ఆవిడ బ్యాగు పట్టీని రెండు చేతులా పట్టుకున్నారు.

"అమ్మాయ్! ఉన్నావా? నాకు చిన్నప్పట్నించీ తలుపులు మూస్తే భయం. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు తల్లీ. ఆపావంటే నేను పోయినట్టే."

ఫైర్ మేడమ్ ఫోను లైటు వేసింది. పాపం ముఖం పాలిపోయి, చెమటలు కారుతున్నాయి. జాలేసింది. జాలితోపాటు, ఏం దాచుకోవాలి, లోపల్లోపల కాస్త సంతోషం కూడా వేసింది. మూడేళ్ళుగా ఎదురుచూసిన మనిషి ఎక్కడికీ పారిపోలేని చోట దొరికాడు. గంట మీట నొక్కి, మొదలెట్టింది. పాప సంగతి చెప్పింది, పన్ను సంగతి చెప్పింది, అత్తగారి మోకాళ్ళ సంగతి చెప్పింది. పెద్దసారు కళ్ళు మూసుకుని ఊఁ కొడుతూనే ఉన్నారు. చివరికి "అందుకని నా బదిలీ సార్" అనేసరికి, పళ్ళు టకటకా కొట్టుకుంటుండగానే జవాబిచ్చారు.

"దరఖాస్తు... సక్రమమైన మార్గంలో... పంపమ్మా."

గంట మోత విని పైన జనం పోగయ్యారు. లిఫ్టు మూడో అంతస్తుకి కొంచెం కిందే ఆగడంతో తలుపు సందులోంచి మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఎవరూ కంగారు పడొద్దు!" నీళ్ళాయన గొంతు. "ముందు ఇక్కడో సమాచార కేంద్రం పెడదాం. బల్లలు జరపండి!"

"అయ్యా, ముందు లిఫ్టు బాగుచేసేవాణ్ణి పిలవండి!" అని కింద నుంచి ఆవిడ అరిచింది.

"మీ సూచన నమోదు చేసుకున్నాం మేడమ్!"

"కరెంటు పోయినట్టుంది, కరెంటాయన్ని అడగండి!"

కరెంటాయన చీకటి వరండాలో నిలబడి గంభీరంగా చెప్పాడు. "విద్యుత్ సరఫరాలో ఎలాంటి అంతరాయమూ లేదు. ఫోను లైటు ఎవరైనా ఇటు చూపిస్తే ఆ మాటే రాసిస్తాను."

మొదటి ప్రకటన అప్పుడే వెళ్ళిపోయింది. 'డైరెక్టరుగారు లిఫ్టులో చిక్కుకున్నారన్న వదంతి నిరాధారం. అగ్నిమాపక శాఖ ఇప్పటికే సంఘటన స్థలంలో ఉన్నది. ఆ శాఖ ప్రతినిధితో డైరెక్టరుగారు లిఫ్టులోనే ఉన్నత స్థాయి చర్చలు జరుపుతున్నారు.' అసలు అలాంటి వదంతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఖండన చూశాకే తెలిసింది. తెలియగానే విలేకరులు కెమెరాలు పట్టుకుని బయల్దేరారు.

ఇలా లాభం లేదని ఫైర్ మేడమ్ తన ఆఫీసు కంట్రోల్ రూముకే ఫోను చేసింది.

"లిఫ్టులో ఇరుక్కున్నాం, వెంటనే బండి పంపించండి!"

"మనవాళ్ళు అక్కడే ఉన్నారని ప్రకటన వచ్చింది కదా మేడమ్?"

"ఆ మనవాళ్ళు నేనేనయ్యా బాబూ!"

"అయితే ఆ ప్రకటన తప్పన్నమాట. తప్పని తేలితే గాని రెండో బండి పంపకూడదు మేడమ్. మీరో ఖండన ఇవ్వండి."

"ఇదిగో, ఇస్తున్నా. తప్పు, తప్పు, తప్పు!"

"నోటిమాట చాలదు మేడమ్. మన శాఖ ఖండన మీద సమాచార అధికారి సంతకం ఉండాలి. ఆవిడ... అంటే మీరు... ఆఫీసుకి ఎప్పుడొస్తారు?"

ఆవిడ ఫోను పెట్టేసి నెత్తి కొట్టుకుంది. "మాట్లాడమ్మా, ఆపకు" అని పెద్దసారు పట్టీ లాగారు.

విలేకరులు వచ్చి చర్చలు దేని గురించని అడగడం మొదలుపెట్టారు. నీళ్ళాయన తలుపు సందుకి నోరానించాడు.

"మేడమ్, లోపల ఏం మాట్లాడుకుంటున్నారు? ప్రకటనకి ఓ ముక్క కావాలి!"

"నా బదిలీ గురించి!"

"ఆయనేమంటున్నారు?"

"ఊఁ అంటున్నారు!"

అది రెండో ప్రకటనగా వెళ్ళింది. 'అధికారిణి చిరకాల బదిలీ అభ్యర్థన పట్ల డైరెక్టరుగారు సానుకూలంగా స్పందించారు.' అది వెళ్ళిన కాసేపటికే మొగుడి ఫోను.

"సాధించేశావోయ్! ఇక్కడ పండగే అనుకో. పాప బీరువాలో సగం అర ఖాళీ చేసేసింది. అమ్మ చీరలకట! బొమ్మలన్నీ మంచం కిందికి తోసేసింది."

"ఎవరు చెప్పారండీ మీకు?"

"వార్తల్లో వచ్చిందిగా!"

"ఆయనింకా ఏమీ ఒప్పుకోలేదండీ. నేనిక్కడ చీకట్లో..."

"పో, నీకన్నీ వేళాకోళాలే. వార్తల్లో వచ్చింది కూడా అబద్ధమా?" అంటూ పాపకి ఫోనిచ్చాడు. "అమ్మా, రేపొస్తావా ఎల్లుండొస్తావా?" అంది పాప. రోజూ ఊరందరికీ సర్దిచెప్పే ఫైర్ మేడమ్, ఆ పిల్లకి కూడా 'పరిశీలనలో ఉన్నది' అనబోయి, ఆగి, ఫోను పెట్టేసింది. బీరువాలో ఆ ఖాళీ అరని తల్చుకుంది. ఇవాళ సంతకం లేకుండా ఇక్కణ్ణించి కదిలేది లేదని అప్పుడే గట్టిగా అనుకుంది.

అంతలో కరెంటొచ్చింది. లిఫ్టు చక్కగా కిందికి దిగి తలుపులు తెరుచుకుంది. కింద నరపురుగు లేదు. మూతపెట్టిన గిన్నెల్లో భోజనం చల్లారిపోయింది. లిఫ్టు గురించి చెప్పడానికి అధికారులూ, వినడానికి విలేకరులూ పైన హాల్లోకి పోయారు గనక, లిఫ్టు దగ్గర మాత్రం ఎవరూ లేరు. కరెంటొచ్చిన సంగతి కరెంటాయన ఒక్కడే గమనించాడు గాని, పోలేదని చెప్పినదాన్ని వచ్చిందని ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

పెద్దసారు మళ్ళీ లిఫ్టెక్కితే ఒట్టన్నారు. ఇద్దరూ రొప్పుతూ మెట్లెక్కి హాలు గుమ్మం దగ్గరికి చేరారు. నీళ్ళాయన వాళ్ళని చూసి దయ్యాల్ని చూసినట్టు అదిరిపడి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు.

"మీరెలా వచ్చేశారు సార్?"

"మెట్లెక్కి వచ్చాం" అన్నారు పెద్దసారు.

"అది కాదు సార్! చర్చలు ముగించుకుని కాసేపట్లో లిఫ్టులోంచి చిరునవ్వుతో బయటికొస్తారని ఇప్పుడే ప్రకటించాం. కెమెరాలన్నీ లిఫ్టు ముందుకి వస్తున్నాయి. మీరిలా చెమటలు కక్కుతూ మెట్ల మీద కనబడితే చర్చలూ లేవు, ఏమీ లేవు, డైరెక్టరుగారు ఇరుక్కుని వణికిపోయారని రాస్తారు. దయచేసి ఒక్కసారి వెనక్కి వెళ్ళి, మళ్ళీ రండి సార్."

పెద్దసారు లిఫ్టు వైపు చూశారు, హాల్లో కెమెరాల వైపు చూశారు. ఆ రెండిట్లో ఏది ఎక్కువ భయమో తేల్చుకోవడానికి ఆయనకి అట్టే సేపు పట్టలేదు. జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నారు.

"సరే. కానీ ఒంటరిగా నా వల్ల కాదు. ఈ అమ్మాయి కూడా రావాలి."

ఫైర్ మేడమ్‌కి అలవాటు కొద్దీ "పర్లేదు సార్" అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. బ్యాగులోంచి దరఖాస్తు తీసి, పెన్ను మూత విప్పి, రెండూ ఆయన ముందు పెట్టింది.

"వస్తాను సార్. సంతకం పెట్టండి."

"ఇదేమిటమ్మా, సక్రమమైన మార్గం..."

"సానుకూలంగా స్పందించారని వార్తల్లో వచ్చేసింది సార్. వార్త అబద్ధమంటే ఖండన ఇవ్వాలి. మా శాఖ ఖండన మీద నేనే సంతకం పెట్టాలట. లిఫ్టులో ఏం జరిగిందో అందులో పూసగుచ్చినట్టు రాస్తాను. నాకూ రాయడమే కదా సార్ ఉద్యోగం."

పెద్దసారు ఆవిణ్ణి ఎగాదిగా చూశారు. హాల్లోంచి కెమెరాలవాళ్ళ అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. నీళ్ళాయన మీట నొక్కి లిఫ్టుని పైకి రప్పించి, ఇద్దర్నీ గబగబా అందులోకి తోశాడు. తలుపు మూసుకోకుండా ఫైర్ మేడమ్ కాలు అడ్డం పెట్టింది. ఆయన కాగితాన్ని లిఫ్టు గోడకి ఆనించి 'వెంటనే బదిలీ చేయవలెను' అని రాసి, సంతకం గీశారు. ఆఫీసు బయట ఎక్కడ సంతకం పెట్టినా కింద 'క్యాంపు' అని రాసి ఊరి పేరు వెయ్యడం ఆయనకి ముప్పయ్యేళ్ళ అలవాటు. ఆ కంగారులో ఏ ఊళ్ళో ఉన్నారో తట్టక, ఎక్కడున్నారో అదే రాశారు. ఆవిడ కాగితం మడిచి జాకెట్టులో దోపుకుని, అప్పుడు కాలు తీసింది.

మర్నాడు పత్రికల్లో ఇద్దరి చిరునవ్వులూ వచ్చాయి. ఆ వారంలోనే ఆవిడ చీరలు పాప బీరువాలోకి చేరాయి. ఆ ఉత్తర్వు మీద ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. లెక్కల విభాగం గుమస్తా ఒక్కడే, డైరెక్టరుగారి ఆ రోజు ప్రయాణ భత్యం నిమిత్తం, 'లిఫ్టు అను ఊరు ఇక్కడికి ఎంత దూరమో తెలుపగలరు' అని రాసి పంపాడు.