కళ్ళకద్దుకున్న గోల్

సోమవారం ఉదయం గున్నేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరటి గుమ్మంలోంచి బయటపడి, మార్కెట్లో లేత అరిటాకులు కొనుక్కుని, ఎవరి కంటా పడకుండా ఇంటికి వచ్చేయాలి. మధ్యాహ్నం కొత్త అల్లుడు కార్తీక్‌ని, కొడుకు సుమంత్‌ని పక్కపక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టించాలి. సాయంత్రం అమ్మాయి మంజుషని, అల్లుణ్ణి రామచంద్రపురం సాగనంపాలి. పెళ్ళయ్యాక అల్లుడు ఇంటికి రావడం ఇదే మొదలు. అతను ఈ ఇంట్లో నవ్వుతూ, కడుపునిండా తిని వెళ్ళాలి. నరసాపురంలో లేసు దారాలు అమ్ముకునే మనిషికి అంతకంటే పెద్ద కోరికలు ఉండవు.

ఎవరి కంటా పడకూడదనుకోవడానికి కారణం ఆదివారం జరిగిన ఫైనల్. నరసాపురం గోల్‌కీపర్ సుమంత్. రామచంద్రపురం తరఫున గోల్స్ కొట్టేది కార్తీక్. ఆట సమంగా ఉంది, ముగియబోతోంది. దూసుకొస్తున్న బావగారి కాళ్ళ మీదికి దూకి సుమంత్ బంతిని పట్టేశాడు. ఊరంతా లేచి అరిచింది. కానీ ఆ ఊపులో అతని బూటు, కింద పడ్డ బావగారి భుజానికి తగిలింది. పెద్దవాళ్ళకి కాలు తగిలితే ఏం చేయాలో సుమంత్‌కి మాటలు రాకముందే వాళ్ళ మామ్మ సూర్యకాంతమ్మ నేర్పింది. అతను బంతిని జాగ్రత్తగా కింద పెట్టాడు. వంగి బావగారి భుజం తాకి, రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి బావగారు లేరు. బంతీ లేదు. రెండూ వలలో ఉన్నాయి.

రిఫరీ ఈల వెయ్యలేదు గనక గోల్ చెల్లింది. కప్పు రామచంద్రపురం వెళ్ళిపోయింది. కప్పు పట్టుకెళ్ళాల్సినవాడు మాత్రం అత్తారింట్లో పెసరట్టు తింటూ ఉండిపోయాడు.

అరిటాకుల కట్ట చంకలో పెట్టుకుని గున్నేశ్వరరావు రేవు పక్కనుంచి తల వంచుకుని నడుస్తున్నాడు. తల వంచుకుంటే తాను ఎవరికీ కనపడనని అతనికి చిన్నప్పటినుంచీ ఒక నమ్మకం.

"గున్నేశ్వరరావు గారూ! ఇలా రండి. మీకోసమే చూస్తున్నాం" అని టీ కొట్టు అబ్బులు కేకేశాడు.

బెంచీ మీద జట్టుకి ఆట నేర్పిన ఏసుపాదం మాస్టారు, గోదావరి దాటించే పంటు మీద టికెట్లు కోసే చిట్టియ్య కూర్చుని ఉన్నారు. ముగ్గురి కళ్ళూ నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

"చూడండి. ఈల వెయ్యలేదు. బంతి ఆటలోనే ఉంది" అన్నారు మాస్టారు. "ఆటలో ఉన్న బంతిని కింద పెట్టి దణ్ణాలు పెట్టుకోమని నేనెక్కడా నేర్పలేదు. తప్పు కీపర్‌దే కదండీ?"

"అవునండి" అన్నాడు గున్నేశ్వరరావు.

ఆ మాటకి అతని దృష్టిలో ఒప్పుకోవడమని అర్థం కాదు. మీరు మాట్లాడుతున్నారు, నేను వింటున్నాను అని మాత్రమే. ఎదుటి మనిషి మొహంలో వెలుగు తగ్గితే అతనికి కడుపులో ఏదో జారిపోయినట్టుంటుంది. ఆ జారుడికి భయపడే అతను జీవితమంతా తల ఊపుతూ వచ్చాడు. ఈ దారం రంగు పోతుందేమోనండీ అని కొనేవాళ్ళు అడిగినా "అవునండి" అనే అంటాడు.

"ఏంటండీ మాస్టారూ, అన్యాయంగా మాట్లాడతారు!" అని అబ్బులు గరిట ఊపాడు. "మనిషి అన్నాక కాలు తగిలితే కళ్ళకద్దుకోడా? అలా వంగిన వాడి ముందు బంతి తన్నేశాడు చూడండి, వాడూ మనిషేనా? తప్పు ఆ రామచంద్రపురం వాడిది. కాదంటారా?"

"అవునండి... అంటే... అవునండి."

చిట్టియ్య కిసుక్కున నవ్వాడు. "ఇద్దరి తప్పూ కాదండి. కొత్త అల్లుడు కదా, కప్పుని సారెలో కలిపి పంపించేశారు. బిందె, కావిడి, కప్పు! అంతేనా అండీ?"

ఇది ఎగతాళి అని గున్నేశ్వరరావుకి తెలుసు. కానీ చిట్టియ్య అంత సంతోషంగా నవ్వుతుంటే కాదనడానికి మనసొప్పలేదు. తనూ నవ్వి, "అవునండి" అని, టీ కూడా తాగకుండా బయటపడ్డాడు. ముగ్గురినీ సంతోషపెట్టానన్న తృప్తితో ఇంటిదాకా తేలిపోతూ నడిచాడు.

అతను ఇల్లు చేరేలోపే ఊళ్ళో ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపు ఇల్లు చేరింది.

గుమ్మంలోనే మంజుష ఫోను పట్టుకుని నిలబడి ఉంది. "ఏంటి నాన్నా ఇది? మా ఆయన మనిషే కాదన్నారా?"

"నేనా?"

"మీరే స్వయంగా ఒప్పుకున్నారని అబ్బులు గారు పెట్టారు. తప్పు తమ్ముడిదేనని ఒప్పుకున్నారని మాస్టారు పెట్టారు. కప్పు సారె కింద పంపించారని చిట్టియ్య పెట్టాడు. దాని కింద అందరూ కావిడి బొమ్మలు పెడుతున్నారు!"

లోపలినుంచి సుమంత్ గది తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. గున్నేశ్వరరావు పరిగెత్తాడు.

"నాన్నా, కాలు తగిలితే కళ్ళకద్దుకోమని మామ్మ నేర్పింది. చిన్నప్పుడు నేను చేస్తుంటే మీరు చూసి మురిసిపోయారు. ఇప్పుడు తప్పు నాదైందా?" అని తలుపు వెనకనుంచి సుమంత్ గొంతు. "నేనిక గ్రౌండ్ మొహం చూడకూడదా? అన్నం కూడా తినకూడదా?"

అలవాటు పడిన నోరు ఆలోచనకి ఆగదు. "అవును నాన్నా" అనేశాడు గున్నేశ్వరరావు. లోపల రెండో గడియ కూడా పడింది.

వెనక్కి తిరిగితే కార్తీక్ భుజాన బ్యాగుతో నిలబడి ఉన్నాడు. మర్యాదస్తుడు. కోపం వచ్చినా గొంతు పెంచలేదు.

"మావయ్యగారూ, ఆ గోల్ నేను కష్టపడి కొట్టాను. నాకెవరూ సారె పెట్టలేదు. ఇంత మాటన్నాక భోజనం చెయ్యకుండా వెళ్ళిపోవడమే మంచిదేమోనండి?"

"అవునం..." అని, మిగతా అక్షరాన్ని గున్నేశ్వరరావు పళ్ళ మధ్య పట్టి ఆపాడు. ఆలస్యమైపోయింది. వంటింట్లో అతని భార్య ప్రసన్నలక్ష్మి చేతిలోంచి పులుసు గరిట కింద పడింది. మంజుష ఏడుపు మొదలెట్టింది.

ఆ క్షణంలో వీధి గుమ్మం కిక్కిరిసింది. మాస్టారు, అబ్బులు, చిట్టియ్య, వాళ్ళ వెనక సగం పేట. 'గున్నేశ్వరరావు గారు నా మాటే ఒప్పుకున్నారు' అని ముగ్గురూ టీ కొట్టు దగ్గర కాలర్లు పట్టుకున్నారట. తీర్పు కోసం వచ్చారు.

"ఇప్పుడు చెప్పండి. ఎవరి మాటకి అవునన్నారు?" అన్నాడు అబ్బులు.

గున్నేశ్వరరావు అరిటాకుల కట్టని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కార్తీక్ బ్యాగు కింద పెట్టాడు. "ఆయన్నెందుకండీ అడగడం? నేను చెబుతాను. బంతి ఆటలో ఉంటే బావ లేడు, బామ్మర్ది లేడు. కాలు తగిలినా కొండ తగిలినా బంతి వదలకూడదు. నేనైతే ప్రాణం పోయినా వదలను. పెరట్లోకి రండి, చూపిస్తాను. సుమంత్‌నీ రమ్మనండి."

రెండు గడియలూ తీసుకుని సుమంత్ వచ్చాడు. బంతి ఎక్కడుందో కనపడకపోతే చెట్టునుంచి పెద్ద పంపరపనసకాయ కోశారు. నూతికీ బట్టల బండకీ మధ్య గోల్ అన్నారు. ఆ బండకి ముందే సూర్యకాంతమ్మ పీట మీద కూర్చుని గోంగూర ఒలుచుకుంటోంది. ఆవిణ్ణి లేవమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బావగారి స్థానంలో సుమంత్ నేల మీద పడుకున్నాడు. కార్తీక్ పంపరపనసకాయని గుండెలకి హత్తుకున్నాడు.

"చూడండి. ఇలా పట్టుకున్నాను. కాలు తగిలింది. అయినా ఇలా వెనక్కి..." అంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

పీట పక్కనే నిలబడ్డ గున్నేశ్వరరావు ఒక్కడే చూశాడు. గోంగూర మీంచి చూపు ఎత్తకుండానే తన తల్లి కుడికాలు నెమ్మదిగా ముందుకి చాపింది. అల్లుడి మడమ వెళ్ళి ఆ కాలికి తగిలింది.

"అయ్యయ్యో, క్షమించండి మామ్మగారూ!" కార్తీక్ కాయని జాగ్రత్తగా కింద పెట్టాడు. వంగి, ఆవిడ పాదం తాకి, రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు.

"ఫరవాలేదు నాయనా. నిండు నూరేళ్ళు చల్లగా ఉండు. పిల్లా పాపలతో వర్ధిల్లు" అంటూ సూర్యకాంతమ్మ అతని తల మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా దీవిస్తూనే ఉంది.

సుమంత్ లేచాడు. తన్నాడు. పంపరపనసకాయ నూతి పక్కనుంచి వెళ్ళి ప్రహరీగోడకి కొట్టుకుని పగిలిపోయింది.

"గోల్!" అని చిట్టియ్య ఎగిరాడు. అబ్బులు మాస్టారిని కౌగిలించుకున్నాడు. పేటంతా ఈలలు. కార్తీక్ వంగినవాడు వంగినట్టే ఉండి, గోడ కింద గులాబీరంగు తొనలని చూసి, ముందు బిత్తరపోయి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. సుమంత్ భుజం మీద చెయ్యి వేసి, "ఒకటి ఒకటి, సరిపోయిందిరా" అన్నాడు. మంజుష ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఒక తొన ఒలిచి మొగుడి నోట్లో పెట్టింది. అతను తిన్నాడు. ఇంకోటి అడిగాడు. అరిటాకులు పరవమని లోపలినుంచి ప్రసన్నలక్ష్మి కేకేసింది.

అందరూ కదులుతుండగా ఏసుపాదం మాస్టారు మాత్రం గడ్డం గోక్కుంటూ ఆగారు. "గున్నేశ్వరరావు గారూ, నాకో చిన్న అనుమానం. మామ్మగారు ఆ కాలు కావాలనే చాపారేమోనండీ?"

గున్నేశ్వరరావు తల్లి వంక చూశాడు. ఆవిడ గోంగూర ఒలుస్తోంది. కడుపులో ఏదో జారబోయింది. ఈసారి జారనిచ్చాడు.

"లేదండి" అన్నాడు.

అతని నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ విని ఉండకపోవడంతో, మాస్టారు వెంటనే నమ్మేశారు.