ఫోటో లేని ఉచితం

మా ఊరు ఏ. పళ్లిపట్టి మహిళా సంఘం కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మంజూరు చేయించానని కౌన్సిలర్ లోకనాథన్‌గారు ప్రారంభోత్సవంలో మైకులో ప్రకటించారు. ఎవరైనా ఊరికే తీసుకోగల వస్తువును పోరాడి సాధించినవారు బహుశా ఆయన ఒక్కరే.

మా కంప్యూటర్ పాతది. అందులో విండోస్ తెరుచుకునేలోగా నేను పప్పు ఉడికించుకుని రాగలను. సేలంలో చదివే మా అమ్మాయి కీర్తిక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రకాలు రెండు పంపింది. రెండూ ఉచితమేనట. వాటిలో లుబుంటు తేలిక, కొత్తవాళ్లకూ సులువు అని చెప్పింది. ఇంకొకటి కూడా ఉందిగాని దాన్ని మన కంప్యూటర్ మొయ్యదు, ముట్టుకోవద్దంది.

తొందర నాది కాదు, కనిమొళిది. కూలికి పోయే మూకాయి కూతురు. ధర్మపురిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డేటా ఎంట్రీ పని ఉంది, సోమవారం టెస్టు. ఆ పిల్ల అంతవరకు కంప్యూటర్ ముట్టి ఎరగదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే లుబుంటు బుద్ధిగా తెరుచుకుంది. కనిమొళి వెతుక్కుంటూ వెతుక్కుంటూ తన పేరు టైపు చేసింది. అంతలో లోకనాథన్‌గారు విచ్చేశారు.

“ఫ్రీ అంట కదక్కా? ఇచ్చింది ఎవురు?”

“ఎవురూ ఇయ్యలేదు. శానామంది కలిసి చేసి పెట్టినారు. ఎవురన్నా తీసుకోవచ్చు.”

“ఫోటో ఎవురిది?”

“ఫోటో లేదు.”

“ఫోటో లేకుండా ఫ్రీనా! జనం ఎవురికి దండం పెట్టేది?”

ఆయన బాధ న్యాయమైనదే. మా ఇళ్లలో ఫ్రీగా వచ్చిన మిక్సీ, ఫ్యాను, పిల్లల సంచి, అన్నిటి మీదా ఎవరో ఒకరు నవ్వుతూ ఉంటారు. మా మిక్సీ మీది నాయకుడైతే ఇన్నేళ్లుగా ముఖాన చట్నీ చిమ్ముతున్నా నవ్వు ఆపలేదు.

వెంటనే సెలెక్షన్ కమిటీ కూర్చుంది. సాంకేతిక నిపుణుడిగా కదిరవన్‌ను పిలిపించారు. అతను ఫ్లెక్సీలు వేస్తాడు. కంప్యూటర్ తెరవగానే పార్టీ తలైవర్, అంటే పెద్ద నాయకుడి బొమ్మ రావాలని తీర్మానించారు.

“ఇందులో ఏది తేలిక?” అన్నారు లోకనాథన్‌గారు.

“లుబుంటు” అన్నాను.

“తలైవర్‌ని తేలికదానిపైన కూర్చోబెట్టేదా? బరువుది ఏది?”

“ఇంకోటుంది. అది ఈ కంప్యూటర్ మొయ్యదు.”

“ఏం మొయ్యదు? ఇన్నేండ్లుగా మేం మొయ్యలేదా?”

బరువుదే ఏకగ్రీవంగా ఎన్నికైంది. బెంగళూరు రోడ్డులో కట్టిన నలభై అడుగుల ఫ్లెక్సీ బొమ్మను కదిరవన్ అలాగే తెచ్చి అందులో పెట్టాడు.

“కొంచెం చిన్నది చెయ్యప్పా” అన్నాను.

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “తలైవర్‌ని చిన్నది చేసేదా అక్కా? నాకు పెండ్లాం బిడ్డలు ఉండారు.”

ప్రారంభోత్సవం ఆదివారమన్నారు. అంతవరకు ఎవరూ ముట్టకుండా కంప్యూటర్‌ను రిబ్బనుతో చుట్టేశారు.

“ఒక గంట నేర్చుకుంటానన్నా” అని కనిమొళి బతిమాలింది.

“ముందే నేర్చేసుకుంటే ఓపెనింగ్‌కు మర్యాద ఏముంటుంది పాపా?” అన్నారు లోకనాథన్‌గారు.



ఆదివారం మేళతాళాల మధ్య లోకనాథన్‌గారు మీట నొక్కారు. బొమ్మ పైనుంచి దిగడం మొదలుపెట్టింది. ముందు జుట్టు వచ్చింది. చప్పట్లు. చాలాసేపటికి నుదురు వచ్చింది. ఇంకా గట్టిగా చప్పట్లు. కనుబొమల దగ్గర కంప్యూటర్ ఆగిపోయింది.

“స్విచ్ ఆపి మళ్లీ వేద్దాం” అన్నాను.

“తలైవర్ వస్తా ఉంటే కరెంటు ఆపేదా!” అని ఆయన స్విచ్ దగ్గర ఒక కార్యకర్తను కాపలా పెట్టి భోజనానికి వెళ్లారు. కనిమొళి సాయంత్రం దాకా ఆ నుదురు ముందే కూర్చుంది.

సోమవారం ఆసుపత్రివాళ్లు కనిమొళిని కంప్యూటర్ నేర్చుకుని మళ్లీ రమ్మని పంపేశారు.

“మళ్లీ రమ్మన్నారా? చూసినారా, మనూరి పిల్లకు ఎంత మర్యాదో!” అని లోకనాథన్‌గారు పొంగిపోయారు.

ఆ వారంలోనే మా జంక్షన్‌లో కొత్త ఫ్లెక్సీ లేచింది. తలైవర్ నిలువెత్తున, లోకనాథన్‌గారు నడుమెత్తున, మూలన తపాలా బిళ్లంత కనిమొళి. మూకాయికి చదువు రాదు. పని నుంచి వస్తూ నన్ను ఆపి అడిగింది.

“ఏమని రాసినారక్కా?”

ఉన్నది ఉన్నట్టు చదివాను. “కంప్యూటర్ నేర్పి, ఆసుపత్రిలో ఉద్యోగం ఇప్పించిన తలైవర్‌కు కనిమొళి కుటుంబం కృతజ్ఞతలు.”

మూకాయి కొంగుతో ముఖం తుడుచుకుని ఫ్లెక్సీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

“పనిలో చేరేది ఎప్పుడని కూడా రాసుంటారు. కింద సరిగ్గా చూడక్కా.”